గుసగుస వినపడాలి, ఎనిమిది డిస్కులు తిరగాలి

ఈ సంగతి నేను చెప్పడం ఇది మొదటిసారి కాదు. చర్చి కమిటీ వాళ్ళకి నోటితో చెప్పాను. కాగితం మీద రాసి ఇచ్చాను. ఒక పెళ్ళి భోజనాల్లో కావాలని సెక్రటరీ గారి పక్కన కూర్చుని, పప్పు దగ్గర మొదలుపెట్టి పెరుగన్నం దాకా చెప్పాను. ఆయన పెరుగన్నం తిని, చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయారు. కంప్యూటర్ల పనిలో మరచిపోలేని ఒక కేసు గురించి రాయమని ఇన్నాళ్ళకి ఒకరు నన్ను అడిగారు. అడిగారు కాబట్టి రాస్తున్నాను. అచ్చులో పడ్డాక ఎవరూ విననట్టు లేచి వెళ్ళిపోలేరు.

అది 2006. అనకాపల్లిలో నా షాపు ఒక బెల్లం గోడౌన్ మీద, మేడగదిలో ఉండేది. కింద బెల్లం దిమ్మలు, పైన నా కంప్యూటర్లు. మాదీ బెల్లం వ్యాపారం చేసిన కుటుంబమే. నేనొక్కణ్ణే స్క్రూడ్రైవర్ పట్టుకున్నాను. నాకు వచ్చే కేసుల్లో సగం వ్యాపారుల ఆఫీసుల నుంచే. విప్పితే లోపల చీమలు. ఫ్యాన్ రెక్కలకి దుమ్మూ బెల్లం పొడీ కలిసి పాకంలా పట్టేసి ఉండేవి. ఊళ్ళో కాస్త చదువుకున్నవాళ్ళు నన్ను చీమల డాక్టర్ అనేవారు. ఆ మాట మొదట ఎవరన్నారో, ఎక్కడ నిలబడి అన్నారో నాకు గుర్తుంది. పేరు రాయను.

ఒకరోజు దానియేలు మాస్టారు మెట్లెక్కి వచ్చారు. హైస్కూల్లో మాకు లెక్కలు చెప్పినాయన. అప్పటికి రిటైరయ్యారు. ఏడో తరగతిలో నేను ఒకే ప్రశ్న మళ్ళీ మళ్ళీ అడిగానని నన్ను బెంచీ ఎక్కించారు. నేను మరచిపోలేదు. ఆయన మరచిపోయారు.

"అప్పారావూ, నాకో మిషన్ కావాలయ్యా. బాగా పెద్దది. కానీ చప్పుడు చెయ్యకూడదు."

"ఎంత పెద్దది మాస్టారూ?"

"మా ఇంట్లో బీరువా నిండా కేసెట్లున్నాయి. అవన్నీ అందులో పట్టాలి. పట్టి, ఎప్పుడు కావాలంటే అప్పుడు పాడాలి."

ముందు ఆయన విశాఖపట్నంలో ఒక పెద్ద షాపుకి వెళ్ళారట. సర్వర్ అంటే ఏసీ గది కావాలనీ, చప్పుడు తప్పదనీ, ఇంట్లో పెట్టుకునేది కాదనీ చెప్పి పంపేశారట. అక్కడ కాదంటేనే నా దగ్గరికి వచ్చారని నాకు అర్థమయింది. అర్థమయినట్టు చెప్పాను కూడా.

"నిజమేనయ్యా. నువ్వు ఆఖరి గడపవి," అన్నారు ఆయన, ఏమాత్రం సిగ్గుపడకుండా.

ఆ కేసెట్ల సంగతి చెప్పాలి. నక్కపల్లి నుంచి బుచ్చయ్యపేట దాకా ఎక్కడ చిన్న చర్చి ఉన్నా, ఆదివారాలు సైకిల్ మీద వెళ్ళి అక్కడి పాటలు టేప్ చేసేవారు మాస్టారు. కోతపండుగ పాటలు, క్రిస్మస్ ముందు ఇల్లిల్లూ తిరిగి పాడేవి, చావింటి దగ్గర పాడేవి. చాలావరకు పుస్తకాల్లో లేనివి, ఆ ఊరివాళ్ళే కట్టుకున్నవి. ముప్పై ఏళ్ళ పని. ఇప్పుడు టేపులకి తెల్లగా బూజు పడుతోంది. కొన్ని ఒకసారి ఆడిస్తే గోధుమరంగు పొడి రాల్చేసి ఇక పలకడం లేదు. అంటే వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించడానికి ఒక్క అవకాశమే ఉంటుంది. పాట నాణ్యత తగ్గకుండా ఎక్కిస్తే ఒక్కో కేసెట్‌కి చాలా చోటు పడుతుంది. అప్పట్లో హార్డ్ డిస్కులు ఇప్పటంత పెద్దవి కావు. లెక్కేసి ఎనిమిది కావాలన్నాను. టేపు మీది బుసబుస శబ్దాన్ని తీసి శుభ్రం చెయ్యాలంటే ప్రాసెసర్ కూడా గట్టిది ఉండాలి. ఎనిమిది డిస్కులు, గట్టి ప్రాసెసర్ అంటే వేడి. వేడి అంటే ఫ్యాన్లు. ఫ్యాన్లు అంటే చప్పుడు.

"కాస్త చప్పుడు ఉంటే ఏమవుతుంది మాస్టారూ?" అన్నాను.

"ఇంటికి రా. చూపిస్తాను," అన్నారు.

రెండు గదుల ఇల్లు. వెనకది వంటిల్లు, ముందుది మిగతా అన్నిటికీ. ముందు గదిలో కిటికీ పక్కన కుర్చీలో సలోమమ్మ గారు లేసు అల్లుకుంటూ కూర్చుని ఉన్నారు. మాస్టారి భార్య. చర్చిలో ఆడవాళ్ళ పాటలు ముందు ఎత్తుకునే గొంతు ఆవిడదేనని, మైకు లేకుండానే బయట రోడ్డు మీదికి వినపడేదని మా అమ్మ చెప్పేది. రెండేళ్ళ కిందట ఆవిడకి గొంతు ఆపరేషన్ అయింది. ప్రాణం దక్కింది, గొంతు పోయింది. మిగిలింది గుసగుస. చెవిలో రహస్యం చెప్పేటంత గాలి, అంతే. ఆ ఇంట్లో సీలింగ్ ఫ్యాన్ కూడా ఒకటో నంబరు మీదే తిరిగేది.

"బాబూ, కూర్చో," అన్నారు ఆవిడ. నేను వంగి వినాల్సి వచ్చింది.

"అర్థమయిందా?" అన్నారు మాస్టారు. "ఆవిడ పాటలు ఈ మిషన్‌లో ఉండాలి. మిషన్ ఈ గదిలోనే ఉండాలి, వేరే గది లేదు. మిషన్ ఆన్‌లో ఉండగా ఆవిడ నాతో మాట్లాడితే నాకు వినపడాలి. పాత గొంతు కోసం ఉన్న గొంతు పోగొట్టుకోలేను కదయ్యా."

నా దగ్గర చప్పుడు కొలిచే మీటర్ లేదు. అందుకే ముగ్గురం ఒక పరీక్ష ఒప్పుకున్నాం. సలోమమ్మ గారు తన కుర్చీలో కూర్చుని ఏదో ఒక మాట అంటారు. మాస్టారు గదికి రెండో చివర మంచం మీద కూర్చుని ఆ మాట తిరిగి చెప్పాలి. చెప్పగలిగితే మిషన్ పాసయినట్టు.

మొదటిసారి మార్కెట్‌లో దొరికే ఇనప క్యాబినెట్‌లోనే పెట్టాను. ఫ్యాన్లు పెద్దవి వేశాను. పెద్ద ఫ్యాన్ నెమ్మదిగా తిరిగినా చిన్న ఫ్యాన్ జోరుగా తిరిగినంత గాలి తోలుతుంది. పన్నెండు వోల్టుల ఫ్యాన్లకి ఏడు వోల్టులే ఇచ్చాను. ఫ్యాన్ల చప్పుడు దాదాపు పోయింది. కానీ డిస్కులు ఉన్నాయే, అవి ఎనిమిదీ ఒకే వేగంతో తిరుగుతాయని డబ్బా మీద రాసి ఉంటుంది గానీ వెంట్రుకవాసి తేడా ఉంటుంది. ఆ తేడా వల్ల వాటి మూలుగు కలిసి ఒకసారి పెరుగుతుంది, ఒకసారి తగ్గుతుంది. దాన్ని క్యాబినెట్ రేకు పట్టుకుని తంబురాలా మోగిస్తుంది. ఊఁ అని, మళ్ళీ ఊఁ అని.

సలోమమ్మ గారు ఏదో అన్నారు. మాస్టారు మా ఇద్దరి మొహాలూ చూశారు.

"టీ పెట్టమంటున్నావు," అన్నారు.

ఆవిడ తల అడ్డంగా ఊపారు.

"పెదాలు చూసి చెప్పేస్తున్నారు మాస్టారూ, అదీ తప్పే చెప్పారు," అన్నాను. ఆ తర్వాత నుంచి పరీక్షలో ఆవిడ నోటికి పైట చెంగు అడ్డం పెట్టుకోవాలని కొత్త నిబంధన వచ్చింది. అది పెట్టింది నేనే. పరీక్షలో ఫెయిలయింది కూడా నేనే.

డిస్కుని రేకుకి స్క్రూతో బిగిస్తే మూలుగు రేకులోకి పోతుంది. కాబట్టి రేకు ఉండకూడదు, బిగించకూడదు. సైకిల్ ట్యూబుని సన్నగా కోసి, ఆ రబ్బరు పట్టీల మీద ఒక్కో డిస్కునీ ఉయ్యాలలో పిల్లని వేసినట్టు వేలాడదీయాలనుకున్నాను. పట్టీలు కట్టడానికి స్తంభాలు కావాలి. చెక్కవయితే మంచిది, అందులోనూ మెత్తని చెక్క. మెత్తని చెక్క అంటే మా వైపు ఎవరికయినా తట్టేది అంకుడు కర్రే. ఏటికొప్పాక వెళ్ళాను. అక్కడ బొమ్మలు చేసే సత్యం నాకు వరసకి బావ.

"ఏటి బావా ఇది? ఉయ్యాలా? ఎవులికి?" అన్నాడు నేను కాగితం మీద గీసిన బొమ్మ చూసి.

"హార్డ్ డిస్కులకి."

"నీకు పిచ్చి ముదిరిపోనాదని మీ అన్న సెప్పేడు. నేను నమ్మలేదు."

"మా అన్న ఎప్పుడు చెప్పాడు?"

"ఇప్పుడు దానితో గొడవ పెట్టుకోకు. ఎన్ని గుంజలు కావాలో సెప్పు."

గుంజలు చేసిచ్చాడు. నేను వద్దన్నా వినకుండా వాటికి లక్క రంగు వేశాడు. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ గీతలు. "రంగెయ్యకుండా నా సేతిలోంచి కర్ర బయటికెల్తే మా నాయన ఊరుకోడు," అన్నాడు. వాళ్ళ నాన్న పోయి అప్పటికి చాలాకాలమయింది. ఊళ్ళో వడ్రంగి చేత చుట్టూ చెక్క పెట్టె కట్టించి, ముందూ వెనకా గాలి ఆడటానికి జల్లెడ పెట్టాను. తయారయ్యాక చూస్తే సర్వర్‌లా లేదు. పిల్లల బొమ్మల ఇల్లులా ఉంది. మాస్టారికి చూపించడానికి నాకు సిగ్గేసింది. సలోమమ్మ గారు మాత్రం గుంజల మీద చెయ్యి పెట్టి చాలాసేపు తడిమారు.

పరీక్ష పెట్టాం. ఆవిడ చెంగు అడ్డం పెట్టుకుని ఏదో అన్నారు. గదిలో ఎనిమిది డిస్కులు తిరుగుతున్నాయి. మాస్టారు కళ్ళు మూసుకుని ఉన్నారు.

"నేను వండితే కూరలో ఉప్పు ఎక్కువంటోంది," అన్నారు.

ఆవిడ ఇంకో మాట అన్నారు.

"ఇది చెప్పను," అన్నారు మాస్టారు.

"చెప్పాలి మాస్టారూ. చెప్పకపోతే పాసయినట్టు కాదు."

"అప్పారావుని బెంచీ ఎందుకెక్కించారు, పాపం, అంటోంది." ఆయన కళ్ళు తెరిచి నా వైపు చూశారు. "ఎక్కించేనా?"

మిషన్ పాసయింది. ఆ బెంచీ సంగతి నేను ఆవిడకి ఎప్పుడు చెప్పానో నాకు గుర్తు లేదు. చెప్పే ఉంటాను.

ఇక్కడ పనికి సంబంధించిన రెండు మాటలు. ఎనిమిది డిస్కుల్ని రెయిడ్ అనే పద్ధతిలో కలిపాను. అంటే ఏ ఒక్క డిస్కు చెడిపోయినా మిగతా ఏడింటి నుంచి దానిలోది తిరిగి రాబట్టొచ్చు. రెండు పోతే మాత్రం అంతా పోయినట్టే. అందుకే మొదటిది పోగానే మనిషికి తెలియాలి. దానికోసం డిస్కుల్ని కలిపే కార్డు మీద ఒక బజర్ ఉంటుంది, కీచుమని అరుస్తుంది. కరెంటు పోయి వచ్చినప్పుడు కూడా ఒకసారి అరుస్తుంది. మా ఊళ్ళో కరెంటు రోజుకి ఎన్నిసార్లు పోయేదో చెప్పక్కర్లేదు. ఆ అరుపుకి సలోమమ్మ గారు ఉలిక్కిపడుతున్నారని మాస్టారు తీసేయమన్నారు. తీసేసి, బదులుగా పెట్టె ముందు ఒక ఎర్ర లైటు పెట్టాను. అది వెలిగితే వెంటనే నాకు కబురు చెయ్యమన్నాను. పాటలన్నిటికీ ఇంకో కాపీ కూడా విడిగా ఉండాలన్నాను. "ఎనిమిదున్నాయి కదయ్యా, ఇంకా ఎందుకు?" అన్నారు. లెక్కల మాస్టారు కదా, ఎదురు చెప్పలేకపోయాను.

తర్వాత కొన్ని నెలలు నా ఉద్యోగ జీవితంలో నేను మళ్ళీ కావాలనుకునే రోజులు ఏవైనా ఉంటే అవే. సాయంత్రం షాపు మూసి, ఏదో వైరు చూడాలన్న వంకతో వాళ్ళింటికి వెళ్ళేవాణ్ణి. మాస్టారు ఒక కేసెట్ ఆడిస్తుంటే అది పెట్టెలోకి ఎక్కుతుండేది. ఎక్కిన పాటని శుభ్రం చేసి వినిపించేవాణ్ణి. గోడకి ఆనించిన చిన్న స్పీకర్లలోంచి సలోమమ్మ గారి గొంతు వచ్చేది. ఎంత గొంతు అది. కుర్చీలో ఆవిడ లేసు అల్లుతూ, పాటతోపాటు గుసగుసగా అంటుండేవారు. కంచు గంటా దాని కింద గాలీ కలిసినట్టు రెండూ ఒకేసారి వినపడేవి. నేను ఆ చర్చికి చెందినవాణ్ణి కాదు. ఆ పాటల్లో దేవుడు నా దేవుడు కాదు. అయినా పాట అయ్యేదాకా లేచేవాణ్ణి కాదు. మా ఇంట్లో నేను మాట్లాడితే "మళ్ళీ మొదలెట్టేడు" అనేవారు. ఇక్కడ నేను ఎవరి మీద ఏం చెప్పినా ఆవిడ ఆఖరిదాకా వినేవారు. విని, "ఊఁ, తర్వాత?" అనేవారు.

మరుసటి ఏడాది ఎండాకాలంలో మాస్టారు కబురు పంపారు. పాటలు తెగి తెగి వచ్చి ఆగిపోయాయట.

వెళ్ళి గుమ్మంలో నిలబడ్డాను. పెట్టె కనపడలేదు. పెట్టె ఉన్న చోట తెల్లని లేసు కవరు ఉంది. అంచులకి పువ్వులు, నాలుగు మూలలా కుచ్చులు. పైనుంచి కింద నేల దాకా, ముందు జల్లెడా వెనక జల్లెడా మూసేస్తూ. మా వైపు ఇళ్ళలో రేడియోకి, టీవీకి, కుట్టుమిషన్‌కి, మిక్సీకి దేనికయినా ముచ్చటపడితే కవరు వేస్తారు. దుమ్ము పడకూడదని, అందంగా ఉండాలని. ఆ రంగుల గుంజల పెట్టెని చూసి ఆవిడ ముచ్చటపడ్డారు. నేను అక్కడ కూర్చున్న సాయంత్రాల్లో ఆవిడ అల్లుతూ ఉన్నది అదే. ఎవరికోసం అని నేను ఎప్పుడూ అడగలేదు.

కవరు ఎత్తి చెయ్యి పెడితే లోపల పెనంలా కాలుతోంది. కవరు కింద ఎర్ర లైటు వెలుగుతోంది. ఎన్నాళ్ళ నుంచి వెలుగుతోందో. ఒక డిస్కు ఎప్పుడో చచ్చిపోయింది. రెండోది ఇప్పుడు పోతోంది. ముందే కబురు ఎందుకు రాలేదో అర్థమయింది. మిషన్‌కి అరవడానికి నోరు తీసేశాను, చూపించడానికి ఉన్న ఒక్క కన్నూ గుడ్డ కప్పేసింది.

సలోమమ్మ గారు వంటింట్లో ఉన్నారు. కవరు మడిచి మంచం మీద పెట్టాను.

"ఏమయింది?" అన్నారు మాస్టారు.

వంటింట్లో గిన్నె చప్పుడు ఆగింది. ఆవిడ వింటున్నారు.

"ఫ్యాను పట్టేసింది మాస్టారూ," అన్నాను. "నాసిరకం ఫ్యాను. నేనే సరిగ్గా చూసుకోలేదు."

ఫ్యాన్లు రెండూ శుభ్రంగా తిరుగుతున్నాయి. ఆయన వాటివైపు చూడను కూడా చూడలేదు. "ఛ, ఇంత చేసి ఫ్యాను దగ్గర కక్కుర్తి పడ్డావేంటయ్యా," అన్నారు. నా మాట ఎవరూ ఎప్పుడూ నమ్మరు. ఆ ఒక్క మాట మాత్రం అందరూ నమ్మారు.

రెండో డిస్కు పూర్తిగా చావలేదు. వేడెక్కి మొండికేసింది, చల్లబడితే కాసేపు పలుకుతోంది. పెట్టె విప్పేసి, షాపు నుంచి పెద్ద టేబుల్ ఫ్యాను తెచ్చి నేరుగా దాని మీదికి పెట్టాను. పలికినంతసేపు పాటలు వేరే డిస్కుల్లోకి తోడుకోవడం, మొండికేస్తే ఆపి చల్లబడేదాకా ఆగడం. రోజుల తరబడి పట్టింది. ఆ ఫ్యాను రొదలో ఆ ఇంట్లో సలోమమ్మ గారి మాట వినపడటం మానేసింది. మొదటిరోజు ఆవిడ కుర్చీలోంచే ఏదో చెప్పడానికి చూసి ఊరుకున్నారు. రెండోరోజు కుర్చీ లాక్కుని మంచం పక్కకి వచ్చి, మాస్టారి చెవి దగ్గర నోరు పెట్టి మాట్లాడటం మొదలుపెట్టారు. ఆయన తల వంచి వినేవారు. నేను పెట్టెలోకి తల దూర్చి పని చేసుకునేవాణ్ణి.

దాదాపు అన్నీ దక్కాయి. దక్కని కొద్దిపాటిలో ఒక పాట ఉంది. బుచ్చయ్యపేట దగ్గర ఒక పల్లెలో, కోతపండుగ నాడు, ఇంకా పెళ్ళి కాని సలోమి పాడిన పాట. కోతపండుగకి ఊరివాళ్ళు తొలిపంటలోంచి బియ్యమో బెల్లమో కోడిపుంజో తెచ్చి చర్చికిస్తారు, వాటిని వేలం వేస్తారు. ఆ టేపులో పాట వెనకాల వేలం పాటదారు కేకా, కోడి కొక్కొరోకోలూ కూడా ఉండేవి. అడిగి తెచ్చుకున్న టేప్ రికార్డర్‌తో మాస్టారు ఆరోజు అక్కడికి వెళ్ళారు. ఆయన ఆవిడని మొదటిసారి చూసింది, విన్నది అక్కడే. ఆ కేసెట్ ఒక్కసారి ఆడి రాలిపోయింది. ఇక ఎక్కడా లేదు.

చెప్పాను. అప్పటికి చెడిన డిస్కులు రెండూ మార్చి, పెట్టె మళ్ళీ కట్టి, టేబుల్ ఫ్యాను ఆపేశాను. ఇల్లు మళ్ళీ నిశ్శబ్దంగా ఉంది.

"పోనీండి," అన్నారు సలోమమ్మ గారు. "ఆరోజు నేను బాగా పాడలేదు. మీరు కళ్ళప్పగించి చూస్తుంటే రెండో చరణం మరచిపోయాను."

"నాకు ఆ మరచిపోయిందే కావాలి," అన్నారు ఆయన.

ఆవిడ నా వైపు తిరిగారు. "బాబూ, మైకు ఉందా?"

ఉంది. ఆవిడ పెదాలకి తగిలేటంత దగ్గరగా పట్టుకున్నాను. పక్కనే పెట్టె తిరుగుతోంది. సీలింగ్ ఫ్యాను కూడా ఆపేశాం. ఆవిడ ఆ పాట మొత్తం గుసగుసతో పాడారు. రాగం ఉంది, గొంతు లేదు. ఊపిరి పైకి వెళ్ళడం, కిందికి రావడం, అందులోనే పాట. రెండో చరణం దగ్గర ఆగి, మరచిపోయినట్టే మరచిపోయి, మళ్ళీ అందుకున్నారు. అప్పుడు మాస్టారు ఉన్నట్టుండి కోడిపుంజులా కూశారు. "వేలంలో కోడి లేకపోతే ఎలాగ?" అన్నారు. ఆవిడకి నవ్వొచ్చింది. నవ్వుకి చప్పుడు లేదు, భుజాలు మాత్రం కదిలాయి. అదంతా రికార్డయింది. విని చూసుకున్నాం. ఊపిరి స్పష్టంగా ఉంది. కోడి ఉంది. వెనకాల పెట్టె చప్పుడు ఇసుమంత కూడా లేదు. నేను ఆ ఫైలుకి కోత2 అని పేరు పెట్టాను. అది వాళ్ళిద్దరిదీ అనిపించి, దానికి మాత్రం విడిగా కాపీ తీసుకోలేదు.

కవరు గురించి నేను ఎవరితోనూ ఏమీ అనలేదు. అయినా ఆ తర్వాత అది ఆ పెట్టె మీద ఎప్పుడూ కనపడలేదు. ఆవిడకి తెలుసా అన్నది నేను అడగలేదు. అడగాలనుకుంటూ ఉండగానే మరుసటి ఏడాది ఆవిడ పోయారు. మాస్టారు ఆ తర్వాత ఎంతోకాలం లేరు. ఉన్నన్నాళ్ళూ కోత2 వింటూ ఉండేవారు. మిగతా పాటల్లో ఆవిడ ఊరందరికీ పాడిందని, ఇది మాత్రం తనకే పాడిందని అనేవారు. నేను అక్కడే ఉన్నానని గుర్తుచేసేవాణ్ణి. "నువ్వు మైకువి," అనేవారు. పోయేముందు పెట్టెని చర్చికి ఇచ్చేశారు.

చర్చిలో పెద్ద వేడుక ఒకటి జరిగింది. అందులో ఆ పాటలు పెద్ద స్పీకర్లలో వేశారు. విశాఖపట్నం కంపెనీ ఒకటి వాటిని సీడీలుగా చేసిచ్చిందట, వాళ్ళని వేదిక ఎక్కించి శాలువా కప్పారు. నేను చెప్పులు విడిచే చోట నిలబడి ఉన్నాను. ఆ కంపెనీవాళ్ళు శుభ్రం చేశామని చెప్పుకున్న పాటల్లో బుసబుస తీసింది నేను. అయిపోయాక సెక్రటరీ గారిని పట్టుకున్నాను.

"అప్పారావు గారూ, మీ ఫ్యాన్ పాడయి కొన్ని పాటలు పోయాయని మాస్టారే చెప్పేరు కదండీ," అన్నారు ఆయన, భుజం మీద చెయ్యి వేసి. "మేం ఎవరికీ చెప్పలేదు. మీరు కూడా పెద్దమనసు చేసుకుని ఊరుకోవాలి."

"నా సంగతి సరే. అందులో కోత2 అని ఒక ఫైలు ఉంటుంది. అది వెయ్యలేదేం?"

"ఏమోనండీ. సౌండ్ లేని ఫైళ్ళు ఏవో ఉంటే తీసెయ్యమన్నట్టున్నాం."

"తీసేశారా, తీసెయ్యమన్నారా?"

"ఏదో ఒకటండీ. భోజనం చేసి వెళ్ళండి."

భోజనం చెయ్యలేదు.

ఈ కేసు నాకు నేర్పింది చెప్పాలి, అది చదవడానికే కదా మీరు ఇంతదూరం వచ్చారు. చప్పుడు చెయ్యని మిషన్‌ని చేయడం కష్టం కాదు. పెద్ద ఫ్యాను, తక్కువ వోల్టేజి, రబ్బరు పట్టీ, మెత్తని చెక్క చాలు. కష్టమంతా ఆ తర్వాతే. చప్పుడు లేని మిషన్‌ని అందరూ బాగుందనుకుంటారు. చచ్చేరోజు కూడా బాగుందనే అనుకుంటారు. ఆ తర్వాత నేను ఎవరికి ఏ సర్వర్ కట్టినా, ఎంత బతిమాలినా బజర్ తియ్యను. ఎనిమిది డిస్కులున్నా, పదహారున్నా, ఇంకో కాపీ విడిగా లేకపోతే మిషన్ అప్పగించను. మొండివాడని పేరొచ్చింది. రానీ. ఫ్యాను గురించి అబద్ధం చెప్పినందుకు మాత్రం చింత లేదు. అది ఒక వంటింటి గుమ్మం కోసం చెప్పిన అబద్ధం. ఊరంతా దాన్ని నిజం చేసుకుంది. ఆ ఇద్దరూ ఇప్పుడు లేరు, కాబట్టి అసలు సంగతి రాశాను. ఆవిడ చదివి ఉంటే ఆఖరిదాకా చదివి, "ఊఁ, తర్వాత?" అనేవారు.

తర్వాత ఇది. సెక్రటరీ గారూ, కంప్యూటర్‌లో ఫైలు చెరిపేస్తే అది వెంటనే పోదు. దాని పేరు మాత్రమే పోతుంది. ఆ చోట ఇంకోటి రాసేదాకా అది అక్కడే ఉంటుంది, తెలిసినవాడు తియ్యగలడు. నాకు తెలుసు. కానీ మీరు ఆ పెట్టెలో ఆఫీసు లెక్కలూ ఫోటోలూ నింపుతుంటే, రోజుకింత రోజుకింత ఆవిడ ఊపిరి మీద రాసేస్తున్నట్టే. ఆపేసి మూల పెట్టేసి ఉంటే అదీ ప్రమాదమే. ఏళ్ళ తరబడి తిప్పని డిస్కు మళ్ళీ తిరుగుతుందన్న నమ్మకం ఎవరూ ఇవ్వలేరు. నాకు శాలువా వద్దు, వేదిక వద్దు. ఒక్క పూట ఆ పెట్టె ఉన్న చర్చి గది తాళం తీయించండి. ఆ పెట్టె ఆన్‌లో ఉందా, ఆఫ్‌లో ఉందా? కోత2 ఉందా, తీసేశారా? తీసేస్తే ఆ తర్వాత అందులో ఏమేం పెట్టారు? మూడే ప్రశ్నలు. నా షాపు ఇప్పటికీ ఆ గోడౌన్ మీదే ఉంది. ఈసారి చెయ్యి కడుక్కుని వెళ్ళిపోకుండా, జవాబు చెప్పండి.